అక్కనడగండి: బడి వదిలాక సాయంత్రం ఎవరిది?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది బరంపురం, మా మావయ్యగారి తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నాం. ముగ్గురు పిల్లలు. పెద్దదానికి 13 నిండాయి, నడిపోడికి 10, చిన్నదానికి 7. దసరా సెలవులు అవగానే అన్నీ ఒకేసారి మొదలెట్టేశాం, పెద్దదానికి వెయిట్‌లిఫ్టింగ్, బాబుకి క్రికెట్ కోచింగ్, అబాకస్, చిన్నదానికి ఒడిస్సీ, ఆదివారం డ్రాయింగు, ఇంక ముగ్గురికీ ట్యూషన్ ఎలాగూ ఉంది. బడి వదిలేసరికి 3:30, అప్పట్నించి రాత్రి 8 దాకా నేను స్కూటీ మీదే, ఒకర్ని దింపి ఇంకొకర్ని తెచ్చి, మధ్యలో వంట. పడుకునేసరికి పదిన్నర, మళ్ళీ ఆరింటికి లేపాలి, లేపిన దగ్గర్నుంచి ఏడుపులే. మా ఆయనకి బట్టల షాపు, రాత్రి తొమ్మిదిన్నర అయితే గానీ రారు. మొన్న అత్తయ్యగారు నా మనవలు నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చిన్నది ఆవిడ తెలుగులో అడిగితే ఒడియాలో జవాబు చెప్తోంది. మా ఆయనేమో ముందు ఆ వెయిట్‌లిఫ్టింగ్ మానిపించు, ఆడపిల్ల పొడుగెదగదు, రేపు సంబంధాలకి ఇబ్బంది అంటున్నారు. ఏది ఉంచాలి ఏది తీసెయ్యాలి చెప్పండక్కా.
ఓ అమ్మ, బరంపురం

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏది తీసెయ్యాలి అని నువ్వు అడిగావు గానీ నాకు అందులో కనిపించింది అత్తయ్యగారి కన్నీళ్ళే, అందుకే అక్కణ్ణించి మొదలెడతాను.

మన ఊళ్ళో పిల్లాడికి పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ భాష ఎప్పుడు వినిపిస్తోందో ఒకసారి చూడు. బళ్ళో ఇంగ్లీషు, హిందీ ఒక సబ్జెక్టు, ఆటో అన్నతో ఒడియా, కోచ్‌తో ఒడియా, డాన్స్ టీచర్‌తో ఒడియా, ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటే హిందీ. ఇచ్చాపురం దాటి ఆంధ్రా వైపు వెళ్తే షాపు బోర్డు, బస్సు బోర్డు, పక్కింటి గొడవ అన్నీ తెలుగే, అక్కడి పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడ మనకి తెలుగు ఉన్నది ఇంట్లోనే, అదీ సాయంత్రం కాళ్ళు కడుక్కున్న దగ్గర్నించి నిద్రపోయేదాకా ఉండే ఆ కాసేపే. ఆ కాసేపు కూడా క్లాసులకి ఇచ్చేస్తే చిన్నది మామ్మకి ఏ భాషలో జవాబు చెప్తుంది చెప్పు, రోజంతా నోట్లో ఏది ఆడుతోందో అదే వస్తుంది, దానికి మామ్మంటే ప్రేమ లేక కాదు. అత్తయ్యగారికి ఈ ముక్క నువ్వే చెప్పు, ఆవిడ మనసు కొంచెం తేలిక పడుతుంది.

రెండోది నిద్ర. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 దాటినవాళ్ళకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు. పదిన్నరకి పడుకుని ఆరింటికి లేస్తే ఏడున్నర గంటలే. అంటే మీ చిన్నదానికి, బాబుకి రోజూ తక్కువలో తక్కువ గంటన్నర లోటు. పొద్దున్న ఏడుపులు మొండితనం కాదమ్మా, నిద్ర చాలకపోవడం. అందుకని ముందు క్యాలెండర్ వెనక కాయితం మీద వారం మొత్తం గళ్ళు గీసి, నిద్ర గళ్ళు ముందు నింపెయ్, తర్వాత అందరూ కలిసి కూచుని తినే పూటలు నింపు, వారంలో కనీసం రెండు సాయంత్రాలు ఎవరూ ఎక్కడికీ వెళ్ళనివి పెట్టు, అప్పుడు మిగిలిన గళ్ళలో ఏ క్లాసు పడుతుందో చూడు. మనందరం చేసేది దీనికి తిరగేసి, ముందు ఫీజు కట్టేసి తర్వాత నిద్రని, అన్నాన్ని సందుల్లో ఇరికిస్తాం.

ఇప్పుడు వెయిట్‌లిఫ్టింగ్. మీ ఆయన ముందు తీసెయ్యమన్నది నేను అన్నిటికన్నా ఆఖర్న తీస్తాను, అసలు తీయను. మన బరంపురం అంటే పట్టుచీరలు, అప్పడాలు, ఊరగాయలు అంటారు గానీ బరువులెత్తడంలో కూడా ఈ ఊరికి పేరుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఆటల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ బరంపురం కుర్రాడే, 2014 గ్లాస్గోలో మళ్ళీ వెండి పతకం తెచ్చాడు. ఆడపిల్లల సంగతికొస్తే 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల్లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన పక్కనే శ్రీకాకుళం జిల్లా ఆవిడ, ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ. ఇంత దగ్గర్లో ఇంత చరిత్ర ఉన్న ఆట మీ పిల్ల తనంతట తాను ఇష్టపడి వెళ్తుంటే అది అదృష్టం.

పొడుగు ఆగిపోతుందన్న భయం చాలా ఇళ్ళల్లో ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఎదిగే వయసులో ఎముక చివర్న మెత్తటి భాగం ఉంటుంది, అక్కడే ఎముక సాగుతుంది, దానికి దెబ్బ తగిలితే ఇబ్బందే, భయం అక్కణ్ణించి వచ్చింది. కానీ పద్ధతి ప్రకారం, పక్కన తెలిసినవాళ్ళు నిలబడి నేర్పిస్తే బరువులెత్తడం వల్ల ఎదుగుదల ఆగిపోతుందనడానికి ఆధారం లేదని పిల్లల డాక్టర్లే చెప్తున్నారు. పొడుగు అమ్మానాన్నల నుంచి, తిండి నుంచి వచ్చేది. ప్రమాదం ఎక్కడుందంటే తొందరపడి ప్లేట్లు ఎక్కించడంలో. అందుకని ఒకరోజు మీ ఆయన్నే తీసుకెళ్ళి గంటసేపు కూచోబెట్టు. పిల్లకి ముందు కర్రతో, తర్వాత తేలిక రాడ్‌తో స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ (పోటీలో బరువెత్తే రెండు పద్ధతులు) అడుగులు నేర్పుతున్నారా, లేక వచ్చిన నెలకే ప్లేట్లు వేసేశారా చూడమను. పోటీలో ఆడవాళ్ళ రాడ్ ఒక్కటే 15 కిలోలు, ప్లేట్లు లేకుండానే అంత బరువు ఉంటుంది. నడుం నొప్పి అంటే ఆ రోజు ఆపేస్తున్నారా లేదా అడగమను. అంతర్జాతీయ పోటీల్లో యూత్ విభాగం 13 ఏళ్ళ నుంచే మొదలవుతుంది, అంటే మీ పిల్ల వయసు నేర్చుకునే వయసే, గెలవాలని తరిమే వయసు కాదు. ఇంక సంబంధాల మాట అంటావా, పదమూడేళ్ళ పిల్ల ఒళ్ళు గట్టిపడుతుంటే ఎప్పుడో పదేళ్ళకి వచ్చే పెళ్ళివారి గురించి ఇప్పుడు ఆలోచించడం ఆ పిల్లకి అన్యాయం, ఈ మాట మీ ఆయన నొచ్చుకున్నా సరే చెప్తాను.

బాబుకి అబాకస్ తీసెయ్. ట్యూషన్‌లో లెక్కలు చేస్తున్నాడు, బళ్ళో చేస్తున్నాడు, మూడోచోట పూసలు జరిపి చెయ్యక్కర్లేదు. నాకు తెలిసి అబాకస్‌కి వెళ్ళి ఆనందంగా వచ్చే పిల్లలు కూడా ఉన్నారు, మీవాడికి అన్నీ కలిపి ఎక్కువైపోయాయి కాబట్టి చెప్తున్నా. క్రికెట్ ఉంచు కానీ టైము మార్చు. మన దగ్గర నవంబర్, డిసెంబర్‌లో 5 దాటగానే చీకటి పడిపోతుంది, 3:30కి బడి వదిలి ఇంటికొచ్చి తిని గ్రౌండ్‌కి చేరేసరికి నాలుగుంబావు, ఇంక వెలుతురు ఎంతసేపు, ముప్పావు గంట. రెండు గంటల కోచింగ్‌కి ఫీజు కట్టి ముప్పావు గంట ఆడుతున్నాడు. వాళ్ళకి శని ఆదివారాలు పొద్దున్న బ్యాచ్ ఉందేమో అడుగు, రెండు పూటలు చాలు. మిగతా రోజులు వీధిలోనో డాబా మీదో పరిగెత్తనీ. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకి గంట ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అది ఫీజు కట్టిన ఆటే అవ్వాలని ఎక్కడా లేదు.

ఇంకో మాట, వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకో, దసరా అవగానే ఏదీ మొదలెట్టకు. మన తీరంలో అక్టోబర్ అంటే తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది, రెండూ అక్టోబర్ రెండో వారంలోనే. ఆ నెల ఫీజు సగం వానకే పోతుంది. నవంబర్‌లో మొదలెట్టి జనవరి ఆఖరికి ఆపేస్తే పరీక్షలకి కూడా ఊపిరి ఆడుతుంది.

చిన్నదానికి ఒడిస్సీ ఉంచు, వారానికి రెండు రోజులు. మొదటి ఏడాది అంతా చౌకా, త్రిభంగీ ఆ రెండు నిలబడే తీర్లలోనే కాళ్ళు నొప్పెట్టేదాకా నిలబెడతారు, స్టేజీ ఎప్పుడు అని నువ్వు తొందరపడకు. ఒడిస్సీలో అష్టపదులకి అభినయం పడతారు, అవే అష్టపదులు మన భజనల్లోనూ పాడతారు, అత్తయ్యగారికి ఒకటో రెండో వచ్చే ఉంటాయి అడిగి చూడు. పిల్ల చేతులు తిప్పుతుంటే మామ్మ దాని అర్థం తెలుగులో చెప్తుంది, అప్పుడు క్లాసు వేరు ఇల్లు వేరు అవ్వదు. డ్రాయింగు క్లాసు మాన్పించెయ్, ఆ పని కూడా అత్తయ్యగారికే అప్పగించు. మార్గశిరం వస్తోంది, లక్ష్మివారాలు మన గడపల్లో ముగ్గులు, పక్కన ఒడియావాళ్ళ గడపల్లో బియ్యప్పిండి ఝోటీలు, ఆ నెలంతా వీధి వీధే డ్రాయింగు పుస్తకం. చిన్నదాని చేతికి పిండి ఇచ్చి మామ్మ పక్కన కూచోబెట్టు, చుక్కలు లెక్కపెట్టేది తెలుగులోనే.

స్కూటీ సంగతి మర్చిపోయాను. మీ వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో అదే క్లాసుకి వెళ్ళే పిల్ల తల్లి ఇంకొకరు ఉంటారు, ఒకరోజు నువ్వు ఒకరోజు ఆవిడ అని పంచుకోండి. పెద్దదానికి ఎంత ఒడుపు వచ్చినా స్కూటీ మాత్రం ఇవ్వకు, 18 నిండనివాళ్ళు బండి నడిపి పట్టుబడితే 2019లో మారిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకి 25,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు. అంతకన్నా పెద్ద సంగతి, 13 ఏళ్ళ పిల్ల తమ్ముణ్ణి చెల్లెల్ని తిప్పే డ్రైవర్ కాదు, దాని సాయంత్రం దానిదే.

ప్రశ్న: అక్కా, బడినుంచి వచ్చి అరగంటలో గ్రౌండ్‌కి పరిగెడతారు మా గుంటలు. అన్నం పెడితే పరిగెత్తలేకపోతున్నారు, బిస్కట్లు పెడితే ఏడింటికే నీరసం. ఏం పెట్టాలి?
గునుపురం నుంచి ఒక తల్లి

జవాబు: చోడి (రాగి) అంబలి అమ్మా, మన అమ్మమ్మలు పొలానికి వెళ్ళేముందు తాగింది అదే. మీ గునుపురం సంతలో మండియా పిండి, అంటే చోడిపిండే, దొరక్కపోవడం ఉండదు, 2017 నుంచి ఒడిశా ప్రభుత్వమే మిల్లెట్ మిషన్ పెట్టి మరీ పండిస్తోంది. పొద్దున్నే కాచి పెట్టి, సాయంత్రం మజ్జిగ, ఉప్పు, చిన్న ఉల్లిపాయ ముక్కలు వేసి ఒక గ్లాసు ఇవ్వు, కడుపు బరువెక్కదు, చాలాసేపు ఆగుతుంది. అది వద్దని మొహం తిప్పేవాళ్ళకి మూఢీలో (మరమరాల్లో) ఉడకబెట్టిన శనగలు, కొంచెం కొబ్బరి, నిమ్మరసం కలిపి పెట్టు, లేకపోతే ఒక అరటిపండు. ఆట అయి వచ్చాక అసలు భోజనం. నీళ్ళ సీసా ఇంటినుంచే పంపించు.

ప్రశ్న: నమస్కారమమ్మా. మాది రాయగడ. రిటైరైన మనిషిని, మనవణ్ణి రోజూ ఆటకి నేనే తీసుకెళ్ళి తెస్తాను, వయసు 9. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టించుకున్నారు. నెల తిరక్కుండానే వెళ్ళను అంటున్నాడు, బలవంతం చేస్తే కడుపునొప్పి అంటాడు. మా కోడలు డబ్బు పోతుంది, అలవాటు పడతాడు, పంపించండి అంటుంది. మొన్న స్నానం చేయిస్తుంటే తొడ మీద వాత కనిపించింది. అడిగితే పరిగెత్తడంలో వెనకబడినందుకు సార్ కర్రతో కొట్టారు అన్నాడు. నేనేం చెయ్యాలి?

జవాబు: తాతగారూ, రేపట్నుంచి పంపకండి. ఫీజు సంగతి తర్వాత.

మామూలుగా పిల్లలు నెలకే మానేస్తానంటే నేను ఇంకో మాట చెప్తాను, మొదలెట్టేటప్పుడు ఒప్పుకున్న తేదీ దాకా వెళ్ళు, ఆ తర్వాత నీ ఇష్టం అనమంటాను, ఎందుకంటే మొదటి నెల ఏ ఆటైనా కష్టంగానే ఉంటుంది, బూట్లు కరవడమో పెద్ద పిల్లలు వెక్కిరించడమో ఏదో చిన్న కారణం ఉంటుంది, అది తీరిస్తే మళ్ళీ వెళ్తారు. కానీ కొట్టిన చోటికి ఈ లెక్క వర్తించదు. బళ్ళో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో స్పష్టంగా ఉంది, బడి బయట అయినా పిల్లల్ని అప్పగించుకున్నవాళ్ళు హింస పెడితే బాలల న్యాయ చట్టం కింద నేరమే. వాతకి తేదీ కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. అబ్బాయి చెప్పింది చెప్పినట్టు ఒక కాయితం మీద రాయండి, మళ్ళీ మళ్ళీ పదిమంది ముందు చెప్పించకండి. ఆ కోచింగ్ నడిపేవాళ్ళని మీరు, మీ అబ్బాయి కలిసి వెళ్ళి అడగండి, మిగతా పిల్లల అమ్మానాన్నలకీ చెప్పండి, వాళ్ళ పిల్లల ఒంటి మీదా ఉండొచ్చు. సరైన జవాబు రాకపోతే 1098కి ఫోన్ చెయ్యండి, పిల్లల కోసం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

మీ కోడలిది చెడ్డ మనసు కాదు, కట్టిన డబ్బు కళ్ళముందు కనిపిస్తోంది, వాత ఆమె చూడలేదు, చూపించండి. ఇంకోసారి ఎక్కడ చేర్చినా నెలకి నెల కట్టే చోటే చేర్చండి, పెద్దవాళ్ళు బయట కూచుని చూడొచ్చా అని ముందే అడగండి, చూడకూడదు అంటే ఆ చోటు వద్దు. అబ్బాయి మీతో నిజం చెప్పాడు, రోజూ మీ చెయ్యి పట్టుకుని నడిచాడు కాబట్టే చెప్పాడు, కాబట్టి ఆ నడక మాత్రం ఆపకండి, ఆట లేకపోయినా అదే టైముకి ఇద్దరూ అలా వెళ్ళి రండి.

ప్రశ్న: అక్కా, పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. నాకు ఇద్దరు మగపిల్లలు, 8, 11. తెలుగు బాగా మాట్లాడతారు, ఒక్క అక్షరం చదవలేరు. ట్యూషన్, కరాటే, ఇంక దాని మీద తెలుగు క్లాసు కూడా అంటే మరీ భారం కదా? మావాళ్ళు మనకి ఇక్కడ తెలుగు రాత ఎందుకు అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, ఈ మాట పర్లాకిమిడి నుంచి రావడం నాకు మనసుకి కష్టంగా ఉంది. గిడుగు రామమూర్తి గారు టీచరుగా పనిచేసింది మీ ఊళ్ళోనే. కొండల్లో సవరల పిల్లలకి వాళ్ళ ఇంటి భాషలో చదువు చెప్పాలని తానే సవర నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ళకి బళ్ళు పెట్టి, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చేశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. సవర పిల్లల ఇంటి భాష కోసం అంత చేసిన ఊళ్ళో మన పిల్లల ఇంటి భాష ఎందుకు అని అడగకూడదు.

క్లాసు మాత్రం వద్దు, అందులో నువ్వన్నది నిజమే. నీ పిల్లలకి సగం పని ఇప్పటికే అయిపోయింది, అది నీకు తెలీదు. బళ్ళో ఒడియా, హిందీ నేర్చుకున్నారు కదా, క ఖ గ ఘ ఙ అదే వరస, గుణింతం అదే పద్ధతి, మన ళ అక్షరం ఒడియాలో కూడా ఉంది. కొత్తగా నేర్చుకోవాల్సింది ఆకారాలే. రోజుకి నాలుగు అక్షరాలు, అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు, అంతే. నాలుగైదు వారాల్లో ఒత్తులు తప్ప మిగతావి పట్టేస్తారు.

తడబడేది రెండుచోట్ల, ముందే తెలిస్తే నువ్వు విసుక్కోవు. ఒడియాలో, హిందీలో ఎ, ఏ అని వేరే వేరే అక్షరాలు లేవు, ఒ, ఓ కూడా లేవు, ఒక్కొక్కటే. అందుకని తెలుగులో పొట్టిది ఏది పొడుగుది ఏది అని ఆగిపోతారు. కానీ నోటికి ఆ తేడా తెలుసు, చెట్టుని ఎవరూ చేట్టు అనరు, కాబట్టి ముందు నోటితో పలికించి తర్వాత రాయించు. రెండోది, ఒడియాలో అ పలకడం ఇంచుమించు ఒ లాగా ఉంటుంది, కమల అని రాసింది కొమొలొ అని చదువుతారు. నవ్వకు, వాళ్ళ అన్న గానీ బాబాయి గానీ నవ్వితే ఆపు.

పుస్తకాలతో మొదలెట్టకు. ఆంధ్రాలో పాతపట్నం మీకు పక్కనే కదా, ఆదివారం అటు తీసుకెళ్ళి షాపు బోర్డులు, బస్సు మీద ఊరి పేర్లు చదివించు, కరెక్టుగా చదివిన బోర్డుకి ఒక జీడి. ఇంటికొచ్చాక కిరాణా చీటీ వాళ్ళ చేతే తెలుగులో రాయించు, పప్పు, చింతపండు, బెల్లం. ఇద్దరికీ కలిపి కరాటే ఉన్న రోజు ఇది పెట్టకు, అలిసిపోయి వస్తారు. పెద్దవాడికి వచ్చిన అక్షరాలు చిన్నవాడికి వాడిచేతే చెప్పించు, నీకన్నా వాడు ఓపికగా చెప్తాడు. మీ అమ్మగారికో అత్తగారికో చూపు ఆనకపోతే మందు సీసా మీదో పెళ్ళి శుభలేఖ మీదో ఏం రాసుందో వాళ్ళనే చదివి చెప్పమను.